కామిక్స్ చదివిన మావయ్య, సినిమాలు చూసిన మేనల్లుడు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది కాకినాడ, ఉద్యోగం బెంగళూరులో. ఇంజనీరింగ్ రోజుల నుంచి స్పైడర్ మ్యాన్ కామిక్స్ చదువుతున్నాను. 1962 నాటి మొదటి కథ దగ్గర్నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. మా అక్క కొడుక్కి పదేళ్లు. వాడికి స్పైడర్ మ్యాన్ అంటే టామ్ హాలండే. దసరా సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఇద్దరం కూర్చుని ఆ సినిమాలు, పాత సినిమాలు అన్నీ వేసుకున్నాం. చూస్తున్నంతసేపూ నేను నోరు మూసుకోలేకపోయాను. 'ఆ సూట్ ఎవరో ఇచ్చింది కాదురా, పీటరే కుట్టుకున్నాడు', 'ఆంట్ మే ముసలావిడ', 'వెబ్ ఒంట్లోంచి రాదు, వాడే తయారుచేసుకున్నాడు' అంటూనే ఉన్నాను. చివరికి వాడు రిమోట్ పక్కన పడేసి 'మావయ్యా, నువ్వుంటే నాకు సినిమా చూడబుద్ధి కావట్లేదు' అని లేచి వెళ్లిపోయాడు. అక్క కూడా కోప్పడింది. 'నేను 2002లో తెలుగు డబ్బింగ్ చూసే ఇష్టపడ్డాను. నా ఇష్టం ఇష్టం కాదా?' అంది. ప్రాణంగా చూసుకునే కథని మార్చేస్తే బాధపడే హక్కు నాకు లేదా? వాడికి అసలు కథ ఎలా పరిచయం చేయాలి? పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోయే సంచిక ఇప్పుడే చూపించొచ్చా?

సమాధానం: బాధపడే హక్కు మీకు నిండుగా ఉంది. ఏళ్ల తరబడి ఆ ముసుగు వెనకాల ఉన్న పీటర్ పార్కర్ అనే కుర్రాడి వెంట నడిచారు. వాడి అద్దె బాకీలు, వాడి పరీక్షలు, వాడు పోగొట్టుకున్న మనుషులు అన్నీ మీకు తెలుసు. అలాంటివాణ్ని తెరమీద మరోలా చూపిస్తే మనసులో గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది? 'సినిమాయే కదా, వదిలెయ్' అని నేనైతే చెప్పను. నాకూ ఆ పేజీలంటే అంతే ప్రేమ. కాకపోతే మీరు మూడు ఫిర్యాదుల్నీ ఒకే గాటన కట్టేశారు. పీటర్‌ని పెంచిన ఆంట్ మే వయసు, వెబ్ ఎక్కణ్నుంచి వస్తుంది, సూట్ ఎవరిచ్చారు... ఈ మూడింటి బరువూ ఒకటి కాదు. మూడూ ఒకే గొంతుతో చెప్పేసరికి పిల్లాడికి అర్థమైంది ఒక్కటే, తనకి నచ్చింది మావయ్యకి నచ్చలేదని.

కథలో ఏది పోతే పీటర్ పీటర్ కాకుండా పోతాడో ముందు అది తేల్చుకుందాం. మిగతావాటి సంగతి తర్వాత.

1962 ఆగస్టు సంచికగా వచ్చిన 'అమేజింగ్ ఫాంటసీ' 15లో స్టాన్ లీ రాసి, స్టీవ్ డిట్కో బొమ్మలు గీసిన మొదటి కథ మొత్తం 11 పేజీలే. అందులో నడవాలో జరిగే ప్యానెళ్లు, అంటే ఆ బొమ్మల గళ్లు, ఒక్కసారి మళ్లీ తెరవండి. టీవీ షో అయిపోయింది, అందరూ పీటర్‌ని మెచ్చుకుంటున్నారు. దొంగ పరిగెత్తుకొస్తున్నాడు, వెనకాల గార్డు ఆపమని అరుస్తున్నాడు. పీటర్ కాలు అడ్డం పెడితే చాలు. పెట్టడు. దొంగ లిఫ్ట్ ఎక్కేస్తాడు, తలుపులు మూసుకుంటాయి. గార్డు నిలదీస్తే, ఇక మీదట నా సంగతి నేను చూసుకుంటాను అనే ధోరణిలో జవాబిచ్చి వెళ్లిపోతాడు. ఆ క్షణంలో వాడికి ఎవరూ ఏ అన్యాయమూ చేయలేదు. గర్వం తప్ప ఇంకో కారణం లేదు. ఆ దొంగే తర్వాత, పీటర్‌ని పెంచిన అంకుల్ బెన్‌ని చంపుతాడు. అరవై ఏళ్ల కథ అంతా ఆ తలుపులు మూసుకున్న చోట పుట్టిన బాకీయే. పీటర్ దాన్ని తీరుస్తూనే ఉంటాడు, అది ఎన్నటికీ తీరదు.

2002 సినిమాలో దర్శకుడు సామ్ రైమీ ఈ ఘట్టాన్ని మార్చాడు. కుస్తీ పోటీలో మూడు నిమిషాలు నిలబడితే 3000 డాలర్లన్నారు. పీటర్ రెండు నిమిషాల్లోనే అవతలివాణ్ని పడగొట్టాడని వంక పెట్టి నిర్వాహకుడు 100 డాలర్లు చేతిలో పెడతాడు. ఆ వెంటనే ఒక దొంగ ఆ నిర్వాహకుడి డబ్బే దోచుకుని పారిపోతుంటే పీటర్ పక్కకి తప్పుకుంటాడు. హాల్లో కూర్చున్న మనం కూడా 'బాగా అయింది వాడికి' అనుకుంటాం. అలా అనుకున్నామా, మనం కూడా ఆ తప్పులో భాగస్తులమైపోయాం. కాసేపటికి బెన్ రోడ్డు మీద రక్తంలో పడి ఉంటాడు. కామిక్ ఇంకా నిర్దయగా చెప్పింది, నాకు అదే ఎక్కువ ఇష్టం. అయినా ఈ మార్పుని నేను తప్పు పట్టలేను, ఎందుకంటే బాకీ అలాగే ఉంది. దారి మారింది గానీ పీటర్ చేరాల్సిన చోటికే చేరాడు.

ఇంకో సంగతి. గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత కూడా వస్తుందన్న మాట అంకుల్ బెన్ నోటి నుంచి వచ్చిందనే అందరికీ గుర్తు. 1962 పేజీలో ఆ మాట బెన్ అనలేదు. బెన్ పోయాక, పీటర్ చీకట్లో ఒంటరిగా నడిచి వెళ్లిపోతున్న ఆఖరి ప్యానెల్లో కథకుడి వ్యాఖ్యగా వస్తుంది. సినిమాలో బెన్ కారులో కూర్చుని పీటర్‌తో అంటాడు. అభిమానులు గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పుకునే మాట కూడా ఇలా చేతులు మారి వచ్చిందే. సినిమాలో ఆ మాట విని మేనమామ పోలిక ఉన్న ఒక పెద్దాయన గొంతు పిల్లలకి గుర్తుండిపోయిందంటే, అది నష్టమని నేననుకోను.

వెబ్ విషయంలో మీ బాధకి పునాది ఉంది. వెబ్ షూటర్లు, అంటే వెబ్ చిమ్మడానికి పీటర్ తయారుచేసుకుని మణికట్టుకి కట్టుకున్న పరికరాలు, వాడి తెలివికి గుర్తు, పేదరికానికీ గుర్తు. పోరాటం మధ్యలో వెబ్ ద్రవం అయిపోతుంది. అది కొనాలంటే డబ్బులుండవు. 1964 నాటి ఒక సంచికలో ఆ జిగురు ఫార్ములానే అమ్ముకుందామని కంపెనీకి వెళ్తాడు. గంటలో కరిగిపోయే జిగురు మాకెందుకని తిప్పి పంపేస్తారు. అంతకు ముందు, 1963లో 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' మొదటి సంచికలో, ప్రదర్శన ఇచ్చినందుకు స్పైడర్ మ్యాన్ పేరు మీద చెక్కు ఇస్తారు. ముసుగు వేసుకుని బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో ఉన్నాయన గుర్తింపు కార్డు అడుగుతాడు. ఈ బట్టలు చాలవా అంటే, బట్టలు ఎవరైనా వేసుకోవచ్చు అంటాడు. బిల్డింగులు ఎక్కగలిగినవాడు చెక్కు మార్చుకోలేక బయటికొస్తాడు. మరే సూపర్‌హీరో కథలోనూ నాకు ఇంత దగ్గరగా అనిపించిన ఘట్టం లేదు. రైమీ సినిమాలో వెబ్ మణికట్టులోంచి వచ్చేసరికి ఇదంతా ఒక్క దెబ్బకి పోయింది.

మరి పోయినదాన్ని రైమీ ఎక్కడ తిరిగి తెచ్చాడో చూశారా? 2004 సినిమాలో. పీటర్ పిజ్జాలు మోస్తాడు, టైముకి అందించలేక ఉద్యోగం పోగొట్టుకుంటాడు. గది అద్దె కోసం వెంటపడే యజమాని పేరు డిట్కోవిచ్. ఆ పేరు ఎవరి గుర్తుగా పెట్టారో మీకు చెప్పక్కర్లేదు. మే అప్పు కోసం బ్యాంకుకి వెళ్తే ఇవ్వమంటారు. ఇల్లు చేజారిపోతున్న ఆ మనిషే పీటర్ పుట్టినరోజుకి 20 డాలర్లు బలవంతంగా చేతిలో పెడుతుంది. వెబ్ షూటర్లు లేవు, కానీ వాటి వెనకాల ఉన్న లేమి మొత్తం అక్కడే ఉంది. పైగా అదే 2004లో కామిక్‌లో కూడా పీటర్‌కి ఒంట్లోంచే వెబ్ వచ్చేలా రాశారు, కొన్నేళ్ల తర్వాత మళ్లీ పాత పద్ధతికి వచ్చారు. కాబట్టి మేనల్లుడి దగ్గర వెబ్ గురించి గట్టిగా వాదించేటప్పుడు మన పుస్తకాలు కూడా పూర్తిగా మన పక్షాన లేవని గుర్తుంచుకోండి.

ఆ 2004 సినిమాకి మూలం 1967లో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్ మ్యాన్' 50వ సంచిక. చెత్త డబ్బాలో వేలాడుతున్న సూట్, వీపు తిప్పుకుని వెళ్లిపోతున్న పీటర్... జాన్ రొమీటా గీసిన ఆ పేజీని తెరమీద దాదాపు యథాతథంగా నిలబెట్టారు. మనలాంటి వాళ్లం అది చూసి పొంగిపోతాం. కానీ నన్నడిగితే ఆ సినిమాలో కామిక్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న సన్నివేశం ఆ సంచికలో లేనే లేదు. ఇంట్లో బల్ల దగ్గర పీటర్, మే ఎదురెదురుగా కూర్చుంటారు. బెన్ చావుకి కారణం తానేనని పీటర్ చెప్పేస్తాడు. ఆ దొంగని ఆపగలిగి ఉండి కూడా వదిలేశానంటాడు. మే ఏమీ అనదు. పీటర్ పట్టుకున్న చేతిని మెల్లగా వెనక్కి లాక్కుంటుంది, లేచి మెట్లెక్కి పైకి వెళ్లిపోతుంది. కెమెరా తొందరపడదు, సంగీతం హడావుడి చేయదు. 1962లో లిఫ్ట్ తలుపులు మూసుకున్నప్పుడు మొదలైన బాకీకి ఇక్కడ ఒక మనిషి ముందు లెక్క చెప్పాడు పీటర్. 50వ సంచికలో లేని ఆ సన్నివేశం మొదటి 11 పేజీలకీ ఎంత నమ్మకంగా ఉందో చూడండి.

ఇదే కొలతతో 2007 సినిమా ముందు నిలబడితే మాత్రం నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. బెన్‌ని కాల్చింది ఆ దొంగ కాదట, శాండ్‌మ్యాన్ అట, అదీ కంగారులో తుపాకి పేలిందట. సూట్ రంగు మారింది, విలన్లు ఎక్కువయ్యారు అని చాలామంది ఆ సినిమాని తిట్టారు. అవన్నీ పై పై విషయాలు. చేయకూడని మార్పు ఇదొక్కటే. పీటర్ వదిలేసినవాడు కాకుండా వేరొకడు కాల్చాడంటే, పీటర్ భుజం మీది బరువుని దర్శకుడే దించేసినట్టు. చివర్లో పీటర్ శాండ్‌మ్యాన్‌ని క్షమిస్తాడు, ఆ ఘట్టం బాగానే ఉంటుంది. కానీ ఈ కథలో క్షమ అవసరమైనవాడు పీటర్. ఆ బరువు లేకుండా వాడు రాత్రుళ్లు ఎందుకు బయటికెళ్తాడు? మీరు నోరు విప్పి పోట్లాడాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇక్కడ. మే జుట్టు నెరిసిందా లేదా అన్న దగ్గర కాదు.

ఇక సూట్. మూడింట్లో మీ బలమైన ఫిర్యాదు ఇదే, నేనూ మీతో ఏకీభవిస్తాను. టోనీ స్టార్క్ లాంటి కుబేరుడు సూట్ కొనిచ్చేశాక అద్దె బాధ, ద్రవం అయిపోతుందన్న భయం ఎక్కడుంటాయి? 2017 నాటి టామ్ హాలండ్ సినిమా 'హోమ్‌కమింగ్'లో బెన్ పేరే వినపడదు. పీటర్ తాపత్రయమంతా టోనీ మెప్పు కోసం. అభిమానులకి అది కష్టంగా అనిపించడంలో తప్పేమీ లేదు.

అయితే ఆ సినిమాలో శిథిలాల కింద పీటర్ ఇరుక్కున్న చోటు మరోసారి చూడండి, ఈసారి 1966 నాటి 33వ సంచిక పక్కన పెట్టుకుని. డిట్కో గీసిన పేజీల్లో పీటర్ మీద పెద్ద యంత్రం పడి ఉంటుంది, పైనుంచి నీళ్లు కారుతుంటాయి, ఆసుపత్రిలో ఉన్న ఆంట్ మే ప్రాణం నిలబెట్టే మందు చెయ్యి చాపినా అందనంత దూరంలో పడి ఉంటుంది. ఒక్కో ప్రయత్నానికీ ప్యానెల్ పెరుగుతూ పోతుంది. చివరికి యంత్రాన్ని ఎత్తేసినప్పుడు పేజీ మొత్తం ఆ ఒక్క బొమ్మే. సినిమాలో టోనీ సూట్ వెనక్కి తీసేసుకున్నాడు. పీటర్ ఒంటి మీద ఉన్నది తాను చేసుకున్న పాత బట్టలే. ముందు ఎవరైనా రండి, కాపాడండి అని ఏడుస్తాడు, పదిహేనేళ్ల పిల్లాడు ఎలా ఏడుస్తాడో అలా. తర్వాత నీళ్లలో సగం మొహం, సగం ముసుగు కనపడుతుంది. డిట్కో పీటర్ మొహాన్ని అలా సగం సగం గీసిన బొమ్మలు మీకు ఎన్ని గుర్తొచ్చి ఉంటాయి! కామిక్‌లో ఆ క్షణాన పీటర్‌కి బెన్, మే గుర్తొస్తారు, సినిమాలో టోనీ అన్న మాట గుర్తొస్తుంది. నాకు ఆ తేడా ఇప్పటికీ వెలితే. కానీ ఈ దర్శకుడు ఆ పేజీలు చదవలేదని మాత్రం ఎవరూ అనలేరు.

మీ మేనల్లుడి సినిమాల్లో మూడోది, 2021 డిసెంబరులో వచ్చింది, మీకు దారి తెరిచి పెట్టింది. మొత్తం అయిపోయాక పీటర్‌కి టోనీ లేడు, మే లేదు. స్నేహితులకి వాడెవరో గుర్తు లేదు. ఒక చిన్న అద్దె గది, తన చేత్తో తయారుచేసుకున్న సూట్. 1962లో డిట్కో పీటర్ ఎక్కడ మొదలయ్యాడో, ఈ పీటర్ మూడు సినిమాలు నడిచి అక్కడికొచ్చి చేరాడు. మీరు వాడికి చెప్పదలుచుకున్నదంతా ఆ ఆఖరి పది నిమిషాల్లోనే ఉంది, వాడు దాన్ని ఇప్పటికే చూసేశాడు కూడా.

మీ అక్క గురించి రెండు మాటలు. 2002లో తెలుగు డబ్బింగ్ చూసినవాళ్లకి మొదటి పీటర్ టోబీ మగ్వైరే. వాళ్ల చేతికి అందినది అదే. 1962 కాపీ మనలో ఎవరు పుట్టుకతో తెచ్చుకున్నాం? మీరు కూడా ఆ 11 పేజీల్ని అచ్చయిన అర్ధశతాబ్దానికి ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో చదివినవారే. వెళ్లి ఆవిడతో గెలవడానికి వాదన పెట్టుకోకండి. ఆ బల్ల దగ్గరి సన్నివేశం గురించి అడగండి. ఆవిడకి అది గుర్తుంటే మీ ఇద్దరికీ తెలిసిన పీటర్ ఒకడే.

ఇప్పుడు పిల్లాడి సంగతి. ముందు ఫోన్ చేసి, తన సినిమా చూసే ముచ్చట చెడగొట్టినందుకు సారీ చెప్పండి. పెద్దవాళ్లు చిన్నపిల్లలకి చెప్పరు గానీ, చెప్తే వాళ్లు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. ఈసారి సెలవుల్లో సినిమా నడుస్తున్నంతసేపు మీ నోట కామిక్ మాట రాకూడదు. అయిపోయాక కూడా మీరుగా ఎత్తకండి. వాడికి ఏ సీన్ నచ్చిందో అడగండి. శిథిలాల సీన్ అంటాడనుకోండి, 'ఇది ఒకాయన బొమ్మల్లో వేశాడు, చూస్తావా?' అని 33వ సంచికలోని ఆ పేజీలు మాత్రమే తెరవండి. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో ఈ పాత సంచికలు దొరుకుతాయి. పదేళ్లవాడికి 1960ల ఇంగ్లీషు కష్టంగానే ఉంటుంది, ఆ రోజుల్లో ప్యానెళ్ల నిండా మాటలే. మీరు పక్కన కూర్చుని తెలుగులో చెప్పండి, వాడు బొమ్మలు చూసుకుంటాడు. గార్డుకి ఒక గొంతు, దొంగకి ఒక గొంతు పెట్టండి, సిగ్గుపడకండి. 33 నచ్చితే తర్వాత మొదటి 11 పేజీలు, ఆ తర్వాత చెక్కు కథ. చెక్కు దగ్గర వాడు తప్పకుండా నవ్వుతాడు.

వాడికి పాత బొమ్మలు పాతగా అనిపిస్తే బలవంతం వద్దు. 2000లో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్ మ్యాన్' ఉంది. ఆ 11 పేజీల కథనే ఏడు సంచికలుగా తీరిగ్గా చెప్పారు, బెన్ మనకి బాగా దగ్గరయ్యాకే పోతాడు. లేదంటే 'స్పైడర్ వర్స్' యానిమేషన్ సినిమాలు ఉన్నాయి. 2018లో వచ్చిన దానిలో అచ్చు చుక్కలు, మాటల డబ్బాలు తెరమీదికే వచ్చేశాయి. కామిక్ పేజీ ఎలా ఉంటుందో పిల్లల కళ్లకి అలవాటు చేయడానికి అంతకన్నా మంచిది నాకు తెలియదు. 2023లో వచ్చిన రెండోది తెలుగులో కూడా ఉంది, అందులో మన దేశపు కుర్రాడు పవిత్ర్ ప్రభాకర్ కనిపిస్తాడు. 2004లో శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, జీవన్ కాంగ్ కలిసి తెచ్చిన నాలుగు సంచికల కామిక్ నుంచి వచ్చాడు వాడు. సినిమా పవిత్ర్‌కీ కామిక్ పవిత్ర్‌కీ చాలా తేడాలున్నాయి. అవి వాణ్నే కనిపెట్టనివ్వండి. తేడాలు మనం ఏకరువు పెడితే పాఠం, వాడు కనిపెడితే ఆట.

గ్వెన్ విషయానికొస్తే, ఇప్పుడు వద్దు. 1973లో వచ్చిన 121వ సంచికలో భయపెట్టేది చావు ఒక్కటే కాదు. వంతెన మీదనుంచి పడుతున్న గ్వెన్‌ని పీటర్ వెబ్‌తో పట్టుకుంటాడు. పట్టుకున్నానని సంబరపడతాడు కూడా. ఆ ప్యానెల్లో ఆమె మెడ పక్కన చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని ఉంటుంది. కాపాడబోయిన చెయ్యే చంపిందా అన్న ప్రశ్న అది. పెద్దవాళ్లే దాంతో ఏళ్లు గడిపారు. 2002 సినిమా ఆ వంతెన ఘట్టాన్ని మేరీ జేన్‌తో తీసి ఆమెని బతికించింది, పిల్లలు చూసే సినిమాకి అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది నాకు. 2014లో ఆండ్రూ గార్ఫీల్డ్ సినిమా వంతెనకి బదులు గడియారపు గోపురంలో గ్వెన్‌ని నిజంగానే పోగొట్టింది.

మీ మేనల్లుడు 2021 సినిమాలో మళ్లీ కనిపించిన ఆండ్రూ పీటర్, కింద పడుతున్న ఎమ్‌జేని (టామ్ పీటర్ ప్రేమించే అమ్మాయి) పట్టుకుని, దింపాక కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసే ఉంటాడు. ఆమె బతికే ఉంది కదా, ఈయన ఎందుకు ఏడుస్తున్నాడు అని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు. అడిగినప్పుడు దాచకండి. ఈయనకి ఇష్టమైన అమ్మాయిని ఒకసారి ఇలాగే పట్టుకోలేకపోయాడని చెప్పండి, పదేళ్లవాడికి అంతవరకు చాలు. సంచిక మాత్రం పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక ఇవ్వండి, అదీ 121 ఒక్కటే ఇవ్వకండి. 122 కూడా కలిపి ఇవ్వండి. దాని ఆఖరి పేజీలో పీటర్ కసిరి వెళ్లిపొమ్మన్నా మేరీ జేన్ వెళ్లదు. తలుపు దాకా వెళ్లి, దాన్ని మూసి, లోపలే ఉండిపోతుంది. రెండూ ఒకే రోజు చదివితేనే ఆ కథ పూర్తయినట్టు, మధ్యలో ఆపి నిద్రపోనివ్వకండి.